దూడకు జున్నుపాలు, బిడ్డకు టీకా

(మిరప కోతల రోజులలో మా పాల శీతలీకరణ కేంద్రం చూడడానికి వచ్చిన నర్సింగు విద్యార్థినులతో మా పశువైద్య విభాగం తరఫున ముచ్చటించిన ప్రసంగ పాఠమిది. ఆ రోజు పాలు పోయడానికి వచ్చిన సభ్యులు కొందరు కూడా నిలబడి విన్నారు. మిగిలిన సంఘాల వారికి కూడా ఉపయోగపడుతుందని వారు కోరినందున ఇక్కడ ప్రచురిస్తున్నాము.)

అమ్మాయిలూ, మీరు మనుషులకు సేవ చేయబోయేవారు. మేము గొడ్ల డాక్టర్లము. మనిద్దరికీ పొత్తేమిటని మీలో కొందరికి అనిపించి వుండవచ్చు. టీకా అనే వస్తువు మీ దగ్గరకు రావడమే మా గొడ్ల చావిడి మీదుగా వచ్చినది. ఇంగ్లండులో ఎడ్వర్డు జెన్నరు అనే వైద్యుడు 1796 మే 14న, పాలు పితికే ఒక అమ్మాయి చేతి మీద లేచిన ఆవు మశూచి పొక్కులోని రసిని తీసి, ఎనిమిదేళ్ళ కుర్రవాడి చేతికి గీరి ఎక్కించాడు. తరువాత అసలు మశూచి రసిని ఎక్కించి చూస్తే ఆ పిల్లవానికి జబ్బు రాలేదు. పాలు పితికే ఆడవాళ్ళకు అమ్మవారు పోయదని ఆ వూళ్ళ వారు ఎప్పటినుంచో చెప్పుకొనే మాటే. జెన్నరు దానిని కొట్టిపారవేయకుండా పరీక్ష చేసి చూశాడు. ఆవును లాటిను భాషలో ‘వక్కా’ అంటారు. ‘వ్యాక్సిన్’ అన్న పేరు అందులోనుంచే పుట్టినది. ఆ పని మన దేశానికి 1802లో బొంబాయికి చేరినది. 1975 మే నెల తరువాత మన దేశంలో ఎవరికీ మశూచి సోకలేదు. 1980 మే నెలలో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. మీ అమ్మమ్మల భుజాల మీద వుండే గుండ్రని టీకా మచ్చ చూడండి. అటువంటి మచ్చ మీకు లేదంటే దానికి ఆ మచ్చలే కారణం.

ఒక జబ్బును నేలమీద లేకుండా చేయడం మానవజాతి చరిత్రలో ఇంతవరకు రెండుసార్లే జరిగినది. మొదటిది మశూచి, అది మీది. రెండవది పశువుల పెద్దరోగం, దానినే ముసర అంటారు. అది మాది! మన పల్నాడులోను ఒంగోలు సీమలోను పాతవారిని అడగండి. ముసర వచ్చిన వూళ్ళో కాడి కట్టడానికి ఎద్దు మిగిలేది కాదు. ఎద్దు పోతే అరక సాగదు, ఆ ఏడు పొలం బీడు. 1920లో భారతదేశం నుంచి బ్రెజిలుకు ఓడలో పంపిన పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్వర్పు రేవులో దిగగా, ఆ దేశంలో ముసర అంటుకొన్నది. ఆ భయంతోనే దేశాలన్నీ కూడి 1924లో పారిసులో పశువుల ఆరోగ్యానికి ఒక అంతర్జాతీయ సంస్థను పెట్టుకొన్నాయి. మన దేశంలో 1954లో ముసర నిర్మూలన పథకం మొదలయినది. వూరూరా తిరిగి, పశువు తరువాత పశువుకు సూది వేసుకొంటూ పోయారు. చివరిసారి 1995లో కనబడినది. 2006లో మన దేశానికి, 2011లో ప్రపంచానికి ముసర లేదని ధ్రువపరచారు. ఇంకొక మాట వినండి. మీరు పిల్లలకు టీకా వేసే తట్టు జబ్బు క్రిమి, ఈ ముసర క్రిమి దగ్గరి చుట్టాలు. ఎప్పుడో పశువులను మచ్చిక చేసుకొన్న కాలంలో అది గొడ్ల నుంచి మనిషికి దాటి తట్టు అయినదని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. గొడ్ల ముసర పోయినది. పిల్లల తట్టు ఇంకా వున్నది. ఆ విషయంలో మేము మీకన్న ఒక మెట్టు పైన వున్నామని కాస్త గర్వంగానే చెప్పుకొంటాము.

ఇక టీకా శరీరంలో చేసే పని చూద్దాము. పుస్తకంలో మీరు చదివే వుంటారు. మేము జున్నుపాల దగ్గర మొదలుపెడతాము, ఎందుకంటే ఆ పాఠం చావిడిలో కంటికి కనబడుతుంది.

మనిషి బిడ్డ కడుపులో వుండగానే, ముఖ్యంగా చివరి మూడు నెలలలో, తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ గుండా బిడ్డకు చేరుతాయి. వీటినే యాంటీబాడీలు అంటారు. ఆవు గేదెల మాయ కట్టుబడి వేరు. దానిలోనుంచి ఇవి దాటవు. కాబట్టి దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో రక్షణ దాదాపు సున్న. దానికి కావలసినదంతా తల్లి జున్నుపాలలో పెట్టి ప్రకృతి సిద్ధం చేసినది. అప్పుడే పుట్టిన దూడ పేగు ఆ యాంటీబాడీలను అరిగించకుండా, ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి పీల్చుకోగలదు. కాని ఆ ద్వారం ఎక్కువసేపు తెరిచి వుండదు. గంటగంటకూ మూసుకొంటూ, ఒక రోజు గడిచేసరికి మూతపడుతుంది. పుట్టిన గంట రెండు గంటలలో తాగిన జున్నుపాలే పాలు. దూడ బరువులో పదోవంతు, అనగా 30 కిలోల గేదె దూడకు మొదటి రోజున మూడు లీటర్లు, మూడు నాలుగు దఫాలుగా పట్టించాలి.

మరి మన వూళ్ళలో జరిగేదేమిటి? మాయ పడేదాకా దూడను పొదుగు దగ్గరకు రానివ్వరు. ఈలోగా అర్ధరోజు గడుస్తుంది. తరువాత చెంబెడు పిండి, బెల్లం యాలకులు వేసి జున్ను వండి వీధిలో నాలుగిళ్ళకు పంచుతారు. జున్ను తినవద్దని మేము అనము, మాకూ ఇష్టమే. దూడ కడుపు నిండిన తరువాత తినండి అంటాము. నెల లోపల పారుడు పట్టి చనిపోయే దూడలలో చాలా వాటికి ఆ మొదటి గంటలే కారణం. పోయినది పెయ్యదూడ అయితే మూడు నాలుగేళ్ళ తరువాత కొట్టంలో వుండవలసిన పాడి గేదె పోయినట్టు లెక్క.

తల్లి ఇచ్చిన ఈ రక్షణ అరువు సొమ్ము వంటిది. నెలలు గడిచేకొద్దీ కరిగిపోతుంది. బిడ్డ శరీరం తనంతట తాను సంపాదించుకొన్నదే నిలుస్తుంది. టీకా చేసేది ఆ సంపాదన నేర్పడమే. చచ్చిన క్రిమినో, బలహీనపరచిన క్రిమినో, దాని ఒంటి మీది ఒక ముక్కనో ఒంట్లో ప్రవేశపెడతాము. తెల్లరక్తకణాలలో కోట్లాది రకాలున్నాయి. వాటిలో ఏదో ఒక రకానికి మాత్రమే ఆ క్రిమి రూపు పట్టుబడుతుంది. అది పట్టుకొన్నాక తనవంటి వాటిని వేలకు వేలుగా పెంచుకొంటుంది. కొన్ని యాంటీబాడీలు తయారుచేసే పనిలో దిగుతాయి. కొన్ని ఆ రూపును గుర్తు పెట్టుకొని ఏళ్ళ తరబడి మౌనంగా కూర్చుంటాయి. మొదటిసారి ఈ తతంగానికి రెండు మూడు వారాలు పడుతుంది. అందువలన పక్క వూళ్ళో గొంతువాపు వచ్చినదని తెలిసి పరుగెత్తుకొచ్చి సూది వేయించి, మరునాడే గేదెను ఆ వూరి చెరువుకు తోలితే టీకా ఏమి చేయగలదు? అదే రెండవసారి ఆ క్రిమి కనబడినప్పుడు, గుర్తున్న కణాలు రెండు మూడు రోజులలోనే లేచి, ముందుకన్న ఎన్నో రెట్ల బలంతో ఎదుర్కొంటాయి. బూస్టరు మోతాదు ఎందుకని తల్లులు మిమ్మల్ని అడుగుతారు. మొదటి మోతాదు పరిచయానికి, రెండవది బాగా గుర్తుండడానికి అని చెప్పండి, చాలును.

తల్లి అరువు రక్షణ ఇంకా ఒంట్లో వుండగా టీకా వేస్తే ఆ యాంటీబాడీలే టీకాను అణచివేస్తాయి. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండిన తరువాత వేయడానికి, దూడకు గాలికుంటు టీకా నాలుగో నెలలో మొదలుపెట్టడానికి కారణం ఇదే. వయస్సు పట్టికలు ఎవరో గుమాస్తా గీసినవి కావు.

గాలికుంటు పేరు చూశారా? గాలిలో పోతుందని మన పెద్దలు పేరులోనే పెట్టారు. నోట్లో పుండ్లు, గిట్టల మధ్య పుండ్లు, తీగలుగా చొంగ, మేత ముట్టదు. దూడలయితే గుండె దెబ్బతిని నిలువునా పడిపోతాయి. పెద్ద పశువు బతికినా పాలు మళ్ళీ మునుపటి లెక్కకు రావడం కష్టం. ఎండలో ఆయాసపడే గొడ్డుగా మిగులుతుంది. మన దేశంలో ఈ క్రిమి ‘ఓ’, ‘ఏ’, ‘ఆసియా-1’ అని మూడు రకాలుగా తిరుగుతున్నది. ఒక రకం వచ్చి పోయినంత మాత్రాన రెండవ రకం నుంచి కాపుదల లేదు. అందుకని మూడూ కలిపిన చచ్చిన క్రిమి టీకా వేస్తాము. చచ్చిన క్రిమి ఇచ్చే రక్షణ ఆరు నెలలకు సడలుతుంది గనుక ఏటా రెండుసార్లు వేయవలసి వున్నది. దీనికి, ఈసుకుపోవు రోగానికి కలిపి 2019 సెప్టెంబరులో దేశవ్యాప్త పథకం మొదలయినది. పశువు చెవికి 12 అంకెల పోగు వేసేది ఆ పథకం కిందనే.

ఈ టీకా దగ్గర మాకు ఎదురయ్యే మాట ఒకటే. “డాక్టరు గారూ, సూది వేస్తే పూట పాలు తగ్గుతాయండీ, మా గేదెను వదిలేయండి.” మేము తగ్గవని చెప్పము. కొన్ని గేదెలకు రెండు మూడు రోజులు కాస్త తగ్గుతాయి, ఒక్కొక్కదానికి ఒళ్ళు వెచ్చబడుతుంది, సూది వేసినచోట గడ్డ లేస్తుంది. ఇవి శరీరం పాఠం నేర్చుకొంటున్న గుర్తులు. మీ దగ్గర కూడా పెంటావాలెంటు వేసిన రాత్రి బిడ్డకు జ్వరం వచ్చి, మరునాడు తల్లి మొహం చిట్లించుకొని వస్తుంది. ఆ మాట ముందుగా చెప్పని నర్సును ఆ తల్లి రెండవసారి నమ్మదు. ముందు చెప్పిన నర్సు దగ్గరకు జ్వరం వచ్చినా నమ్మకంతో వస్తుంది. మా అనుభవంలో పాలు తగ్గుతాయని దాచిన చోటే మరుసటి విడత చావిళ్ళకు తాళాలు కనబడ్డాయి.

పది ఇళ్ళవారు వేయించి ఇద్దరు మానుకొంటే ఏమవుతుంది? క్రిమికి ఒక గొడ్డు నుంచి ఇంకొక గొడ్డుకు దాటే దారి కావాలి. వూళ్ళో నూటికి ఎనభైకి పైగా గొడ్లకు రక్షణ వుంటే గాలికుంటుకు దారి సన్నగిల్లుతుంది. తట్టుకయితే నూటికి 95 మంది పిల్లలకు వుండాలి, అది అంత తొందరగా అంటుకొనే జబ్బు. ఇప్పుడు మీరు వచ్చిన దారిలో మిరప కళ్ళాలు చూశారు గదా. జనవరి నుంచి ఏప్రిలు దాకా కోతలకు ఎక్కడెక్కడి నుంచో కూలీలు చంటిపిల్లలతో వచ్చి చేల గట్ల మీదే కాపురముంటారు. పత్తి తీతల్లోనూ అంతే. వాళ్ళ పిల్లల పేర్లు ఇక్కడి రిజిస్టర్లలో వుండవు, సొంతూరి రిజిస్టరులో పేరుంటుంది, పిల్లవాడుండడు. వూళ్ళో అందరికీ వేశామని లెక్క చూపేటప్పుడు కళ్ళంలో టార్పాలిన్ కింద పడుకొన్న బిడ్డ కూడా ఆ వూళ్ళోనే వున్నాడని మరువకండి. మాకు సంతలో కొని తెచ్చిన గేదె ఇటువంటిదే. చెవికి పోగు వుండదు, ఏ టీకా పడినదో తెలియదు. మూడు వారాలయినా వేరుగా కట్టమంటే కొన్నవారికి కోపం.

అన్ని జబ్బులకు ఈ మంద రక్షణ లెక్క చెల్లదు. ధనుర్వాతం ఒకరి నుంచి ఒకరికి రాదు. పేడలో, పెంటమట్టిలో దాని క్రిమి గింజకట్టి ఏళ్ళ తరబడి వుంటుంది. ఒకప్పుడు బొడ్డు కోసిన చోట పేడ, బూడిద పెట్టిన బిడ్డలు వారం తిరగకుండా బిగుసుకొని పోయేవారు. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన పురుళ్ళు కలిసి ఆ పీడను వదిలించాయి. 2003లో దేశంలోనే మొదటగా మన ఆంధ్రప్రదేశ్, 2015లో దేశం మొత్తం, బాలింతలకు పసికందులకు వచ్చే ధనుర్వాతాన్ని అదుపులోకి తెచ్చినట్టు ధ్రువపడినది. కాని ఆ క్రిమి పెంటకుప్పలో ఇంకా అట్లాగే వున్నది. పక్కింటివారు వేయించుకొన్న టీకా మనల్ని కాపాడదు. జబ్బు ఒకసారి వచ్చి తగ్గినా రక్షణ రాదు, అంత కొద్ది విషంతోనే అది మనిషిని పడగొడుతుంది. కొడవలి తెగినవారు, గిట్ట తొక్కినవారు మా సభ్యులలో రోజూ వుంటారు. మీ దగ్గరకు వస్తే టీకా సంగతి తప్పక అడగండి.

ఇప్పుడు మీకూ మాకూ నడుమ నడిచే రెండు జబ్బుల గురించి ఎక్కువ చెప్పవలసి వున్నది. ఒకటి ఈసుకుపోవు రోగం, బ్రూసెల్లోసిస్. చూడి గేదె ఆరు, ఏడు నెలల తరువాత ఈసుకుపోతుంది, మాయ పడదు. ఇంటి ఆడమనిషి వట్టి చేతులతో ఆ దూడను, మాయను ఎత్తి పారవేస్తుంది. ఆ మాయలోను, మైలలోను క్రిములు లెక్కకు మిక్కిలి. కొన్ని వారాలకు ఆమెకు సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, నడుము, కీళ్ళ నొప్పులు. జ్వరం వచ్చి పోతూ వుంటుంది. మలేరియా అంటారు, టైఫాయిడు అంటారు, మాత్రలు మార్చి మార్చి ఇస్తారు, నెలలు గడుస్తాయి. మీరు అటువంటి మనిషిని చూసినప్పుడు ఒక్క ప్రశ్న వేయండి. “అమ్మా, మీ ఇంట్లో గేదె ఈసుకుపోయినదా?” రక్త పరీక్షకు దారి చూపేది ఆ ప్రశ్నే. తెలిస్తే ఆరు వారాల మందులతో నయమయ్యే జబ్బిది. మన దేశంలో మనుషులకు దీనికి టీకా లేదు. వున్నది పెయ్యదూడలకే. నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు ఆడ దూడకు ఒకే ఒక్కసారి, జన్మకంతా అదే. మగ దూడకు, చూడి పశువుకు వేయకూడదు. అది బతికిన క్రిమి టీకా గనుక వేసేవారి వేలికి సూది గుచ్చుకొన్నా, కంట్లో చింది పడినా ప్రమాదమే. మేము తొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకొని వేస్తే వూళ్ళో కుర్రవాళ్ళు నవ్వుతారు, నవ్వనీయండి. ఈసుకుపోయిన దూడను, మాయను చేతికి తొడుగు వేసుకొని తీసి, సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. కుక్కలకు వేయరాదు. పాలు కాచకుండా తాగరాదు.

రెండవది పిచ్చికుక్క కాటు. మన సీమలో కాటు మీద కారం అద్దడం, సున్నం పూయడం ఇంకా పోలేదు. మిరపకాయ మన పంటే, మన బతుకే, కాని దానికి పుండులో పని లేదు. మంట పుట్టి పుండు మరింత రేగితే క్రిమి నరానికి దగ్గరవుతుంది. చేయవలసినది సబ్బు, ధారగా పారే నీరు, పదిహేను నిమిషాలు. గడియారం చూసి మరీ కడగాలి. ఆ తరువాత ఆసుపత్రి. వెనుకటి రోజులలో బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. ఆ పాత టీకా 2005 నాటికే పోయినది. ఇప్పుడు చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడవ రోజు, ఏడవ రోజు, 28వ రోజు. గాయం లోతయితే పుండు చుట్టూ సీరం కూడా వేయాలి. ఎందుకంటే టీకా పాఠం చెప్పేసరికి రెండు వారాలు, అప్పటిదాకా అరువు రక్షణ కావాలి. జున్నుపాల సంగతి గుర్తున్నది గదా, అదే లెక్క.

దీనిలో పాడి ఇళ్ళకు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి వున్నది. పిచ్చి సోకిన గేదె మేత మింగలేక, చొంగ కారుస్తూ, గొంతు మార్చి అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడినదని రైతు మోచేతి దాకా నోట్లో చెయ్యి పెట్టి వెదుకుతాడు. కుక్క కరవలేదు గనుక ఆసుపత్రికి పోడు. గీరుకొన్న చేతికి ఆ చొంగ తగిలితే కాటుతో సమానం. ఆ మనిషికి టీకా పూర్తిగా పడాలి. గేదె చనిపోయిన తరువాత వూళ్ళో ఆ పాలు తాగిన వారందరూ సూదులకు బారులు కడతారు. కాచిన పాల వలన ఆ జబ్బు రాదు. ఆ బారులో వున్నవారిని భయపడవద్దని చెప్పి, బారులో లేని ఆ ఒక్క మనిషిని, నోట్లో చెయ్యి పెట్టినవాడిని, ఇంటికి వెళ్ళి పిలుచుకొని రండి.

చల్లదనం గురించి మీకంటే మా సభ్యులకే బాగా తెలుసు. పొద్దున్న పితికిన పాలు మధ్యాహ్నానికి విరిగితే డబ్బు రాదు. టీకా విరిగితే కంటికి కనబడదు, అదీ చిక్కు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల నడుమ వుండాలి. రెంటచింతల వేసవి సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే, అటువంటి ఎండలో పెట్టె మూత తీసి వుంచితే లోపలి సరుకు నీళ్ళతో సమానం. అయితే వేడి ఒక్కటే శత్రువు అనుకోవద్దు. గాలికుంటు, గొంతువాపు టీకాలు, మీ పెంటావాలెంటు, టి.డి., హెపటైటిస్-బి టీకాలు గడ్డకడితే పాడయిపోతాయి. ఫ్రీజరులోనుంచి తీసిన ఐస్ ప్యాకును వెంటనే పెట్టెలో పెట్టక, కదిలిస్తే లోపల నీళ్ళ చప్పుడు వినబడేదాకా బయట వుంచడం అందుకే. పొడి రూపంలో వచ్చి కలుపుకొనే తట్టు, బి.సి.జి. టీకాలు కలిపిన నాలుగు గంటల తరువాత మిగిలితే పారవేయాలి. వృథా అవుతున్నదని దాచి సాయంత్రం వేసిన మందు బిడ్డ ప్రాణం తీయగలదు.

టీకా లేని జబ్బులే ఎక్కువన్న సంగతి కూడా చెప్పాలి. మా పొదుగువాపుకు నమ్మదగిన టీకా మన చేతిలో లేదు. పితికే ముందు చేతులు కడుక్కోవడం, పొదుగు కడిగి తుడవడం, పితికిన తరువాత చన్నులను మందునీళ్ళలో ముంచడం, జబ్బు గేదెను చివర పితకడం, మా వైద్యమంతా ఇంతే. మీ వృత్తిలో ఈ మాట మొదట నిరూపించినవాడు వియన్నా ఆసుపత్రిలో పనిచేసిన సెమ్మెల్వైస్. 1847లో వైద్యులు, విద్యార్థులు క్లోరిను కలిపిన సున్నపు నీటితో చేతులు కడుక్కొని పురుళ్ళ గదిలోకి వెళ్ళాలని నియమం పెట్టాడు. ఏప్రిలులో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జూనుకు ఆ లెక్క రెండుకు దిగినది. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు, చేతులు మురికివని ఎవరికి ఒప్పుకోబుద్ధి అవుతుంది! మీకు ఇంకొక మాట. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టకండి. మీ హెపటైటిస్-బి మూడు మోతాదులు పూర్తి కాకుండా వార్డులో అడుగు పెట్టకండి.

మీలో ఒకరు ఇందాక అడిగారు, సూది వేసిన గేదె పాలు తాగవచ్చునా అని. టీకా వేసిన పాలు నిక్షేపంగా తాగవచ్చు, ఎప్పటిలా కాచి. పొదుగువాపుకు యాంటీబయాటిక్ సూది వేసినప్పుడు మాత్రం, సీసా మీద రాసినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయరాదు. ఈ రెండు సూదులకు తేడా తెలియక టీకా విడతలో మంచి పాలు పారబోసినవారున్నారు, మందు సూది వేసి పాలు పోసినవారూ వున్నారు. సంఘ కార్యదర్శులు ఈ సంగతి సేకరణ బల్ల దగ్గర అందరికీ కనబడేలా రాసిపెట్టవలెనని కోరుతున్నాము.

ఇక లోపలికి పదండి. మా టీకాల ఫ్రిజ్జు, ఐస్ ప్యాకులు, ఉష్ణోగ్రత రాసే పుస్తకం చూద్దురు గాని. చేతులు కడుక్కొనే తొట్టి తలుపు పక్కనే వున్నది.